బరంపురం నుంచి జయపురం దాకా: మన గడ్డన పుట్టినవాళ్ళ బల్బుల మ్యాప్ (ప్రాజెక్టు డైరీ)

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం

మా వీధి లైబ్రరీ గోడకి ఒక మ్యాప్ బోర్డు చేస్తున్నాం, పని ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు ఇక్కడ రాస్తుంటాను. బోర్డు ఏంటంటే, దక్షిణ ఒడిషాలో మా బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా మొత్తం ఒక ప్లైవుడ్ షీటు మీద గీసి, పేరున్నవాళ్ళు ఎవరు ఏ ఊళ్ళో పుట్టారో ఆ ఊరి దగ్గర చిన్న ఎల్‌ఈడీ బల్బు పెడతాం. కింద వరసగా పేర్లు, పేరు పక్కన బటన్. బటన్ నొక్కితే ఆ ఊళ్ళో బల్బు వెలగాలి, ఆ మనిషి గురించి రెండు ముక్కలు వినపడాలి.

ఎందుకీ పని అంటే, మా పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ట్యూషన్లో ఇంగ్లీషు. పేరున్న తెలుగువాళ్ళు అనగానే హైదరాబాదు, విజయవాడ, లేదంటే వైజాగ్ అనుకుంటారు. గిరి మార్కెట్ మీదుగా రోజూ తిరుగుతారు గానీ గిరి ఎవరు అంటే "ఎవరో లీడరు" అంటారు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు మన ఊళ్ళో పుట్టి మన ఖళ్లికోట కాలేజీలోనే చదువుకున్నారు అని చెప్తే మా మేనకోడలు "నిజంగానా మావయ్యా, మన బరంపురంలోనా?" అని ముఖం ఇంత చేసుకుని చూసింది. ఆ పిల్లకి ఆ సంగతి ఈ వయసు వరకూ ఎవరూ చెప్పలేదంటే తప్పు పెద్దవాళ్ళదే.

ఈ ఆదివారం షీటు తెచ్చాం. పన్నెండు ఎంఎం ప్లై, ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు. సన్నది తీసుకుంటే వర్షాకాలంలో వంగిపోతుంది, మా ఊరి తేమ సంగతి తెలిసిందే కదా.

ఫిబ్రవరి మొదట్లో

మ్యాప్ గియ్యడం కంటే ముందు రూల్స్ పెట్టుకోవాల్సొచ్చింది. ఎవరిని పెట్టాలి, ఎవరిని వద్దు అన్నది మొదటి రోజే తేలకపోతే తర్వాత రోజుకో పేరు వస్తుంది.

మా రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు, ఎనభై దాటాయి, ఆయన చెప్పిన మాట చాలా పనికొచ్చింది. "జిల్లా పేరు నమ్మకు బాబూ, ఊరి పేరు పట్టుకో" అన్నారు. పాత పుస్తకాల్లో "గంజాం జిల్లాలో జన్మించెను" అని ఉంటుంది, మనం అది చూసి ఒడిషా అనేసుకుంటాం. కానీ అప్పటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం కూడా దాన్లోనే ఉండేది. జయపురం, కొరాపుట్ వైపు ఏమో విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయినప్పుడు గీత పడింది, బరంపురం, పర్లాకిమిడి ఇటు వచ్చాయి, టెక్కలి, శ్రీకాకుళం అటు ఉండిపోయాయి. ఆ తర్వాత 1950లో శ్రీకాకుళం జిల్లా. ఇటు వైపు 1992 అక్టోబరు 2న గంజాంలోంచి గజపతి జిల్లా, కొరాపుట్‌లోంచి రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి విడిపోయాయి. అంటే ఒకే ఊళ్ళో కదలకుండా ఉన్న మనిషికి కూడా జిల్లా మారిపోయింది, కొందరికి రాష్ట్రమూ మారిపోయింది.

అందుకని మొదటి రూలు: బల్బు ఊరికి, జిల్లాకి కాదు. మ్యాప్ మీద ఇప్పటి రాష్ట్రం గీత నల్ల రంగులో, 1936కి ముందటి గంజాం జిల్లా గీత గోధుమ రంగు చుక్కల్లో, రెండూ ఉంటాయి.

రెండో రూలు: ఇక్కడ పుట్టినవాళ్ళకి ఎర్ర బల్బు. ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చి బతుకంతా పని చేసినవాళ్ళకి, లేదంటే ఇక్కడ చేసిన పనితోనే గుర్తుండిపోయినవాళ్ళకి పచ్చ బల్బు. ఈ రెండూ కలిపేస్తే చరిత్ర పాడైపోతుంది, విడదీసి ఒకదాన్ని వదిలేస్తే అన్యాయం అయిపోతుంది.

మూడోది మీద కొంచెం గొడవైంది. తెలుగువాళ్ళనే పెట్టాలని ఒక బాబాయ్ గట్టిగా పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. గడ్డన పుట్టినవాళ్ళు అని పేరు పెట్టి, ఆ గడ్డ మీద పుట్టిన ఒడియా ఆయన్ని, ఆదివాసీ ఆయన్ని పక్కన పెడితే పిల్లలకి ఏం నేర్పినట్టు? మా లైబ్రరీకి వచ్చే పిల్లల్లో సగం మంది స్నేహితులు ఒడియా పిల్లలే. చివరికి మాస్టారు "పెట్టండి, అందరినీ పెట్టండి" అనేసరికి బాబాయ్ తగ్గారు.

శివరాత్రికి ముందు వారం

ప్రొజెక్టర్ తెచ్చి మ్యాప్‌ని షీటు మీద వేసి పెన్సిల్‌తో గీశాం. సముద్రం కుడి పక్క, కొండలు ఎడం పక్క, మెయిన్ లైను రైలు బరంపురం మీంచి ఇచ్ఛాపురం, పలాస దాటుకుని కిందకి. నౌపడ దగ్గర్నుంచి పర్లాకిమిడికి పోయే బ్రాంచి లైను ప్రత్యేకంగా ఎర్ర పెన్నుతో గీశాను. అది పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు, 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా పొడిగించారు. మా నాన్నగారి తరం వరకూ ఆ చిన్న బండి గురించి కథలు కథలుగా చెప్పేవాళ్ళు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది.

బల్బుల చోట్లు మార్క్ చేస్తుంటే అసలు ఇబ్బంది తగిలింది. బరంపురం చుక్క బఠాణీ గింజంత ఉంటుంది, దాని మీద ఎర్ర బల్బులే ఇన్ని రావాలి:

వరాహగిరి వెంకటగిరి, 1894. తాపీ ధర్మారావు, 1887. న్యాయపతి రాఘవరావు, అంటే రేడియో అన్నయ్య, 1905. ఒడిస్సీ నాట్యం సంయుక్తా పాణిగ్రాహి, 1944. వెయిట్ లిఫ్టర్ కె. రవికుమార్, 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కేజీల్లో గోల్డ్ కొట్టినతను.

ఒక్క ఊరికి ఇంతమంది. అయిదు ఎంఎం బల్బులు పక్కపక్కన పెడితే గోపాల్‌పూర్ దాకా పోతాయి. ఏం చెయ్యాలా అని చూస్తే బంగాళాఖాతం అంతా ఖాళీగా ఉంది కదా, అక్కడ పెద్ద గుండ్రం గీసి దాన్లో బరంపురం ఊరు ఒక్కటే పెద్దది చేసి చూపించి, మ్యాప్ మీది చుక్క నుంచి గుండ్రానికి ఒక గీత లాగాం. ఇప్పుడు అందరికీ చోటుంది.

శివరాత్రి దాటాక

ఈ వారం అంతా బల్బులు కాదు, రాతపని. ఒక్కొక్కరికి నాలుగైదు వాక్యాలు. మా కమిటీలో నేనే రాస్తున్నాను, మాస్టారు దిద్దుతున్నారు.

గిరిగారిది తేలిగ్గా వస్తుందనుకుంటాం గానీ అంత బతుకుని నాలుగు వాక్యాల్లో పట్టడం చాలా కష్టం. నాన్నగారు జోగయ్య పంతులుగారు ఇక్కడ వకీలు. కొడుకు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళి, అక్కడ ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం కొట్లాడేవాళ్ళతో తిరిగి, 1916లో ఆ దేశం వదిలి వచ్చెయ్యాల్సొచ్చింది. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల యూనియన్. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారిని ఓడించి మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. 1952లో కేంద్రంలో మళ్ళీ అదే శాఖ, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పు విషయంలో ప్రభుత్వంతో పడక 1954లో రాజీనామా. 1969లో ఇండిపెండెంట్‌గా రాష్ట్రపతి, అది కూడా మొదటి లెక్కింపులో ఎవరికీ సరిపడా ఓట్లు రాక రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కపెట్టాక గెలిచారు. 1975లో భారతరత్న. నాకు వీటన్నిట్లో రాజీనామాయే అన్నిటికంటే పెద్దగా కనపడుతుంది, కుర్చీలో కూర్చున్నాక కూడా కూలి చేసేవాడి పక్కన నిలబడ్డారు కాబట్టి. కార్డులో రాష్ట్రపతి కంటే ముందు వాక్యం అదే పెట్టాను. మాస్టారు కూడా ఉంచమన్నారు.

తాపీ ధర్మారావుగారి పేరు చెప్తే మా వీధిలో ఒక్కరికీ తెలీలేదు, అది చాలా బాధనిపించింది. బరంపురంలో పుట్టి పర్లాకిమిడిలో చదువుకుని, మన కాలేజీలోనే లెక్కలు చెప్పి, తర్వాత మద్రాసు వెళ్ళి పత్రిక నడిపి, దాన్ని మనం మాట్లాడుకునే తెలుగులో నడిపిన మనిషి. 1938లో మాలపిల్ల సినిమాకి మాటలు ఆయనవే. 1971లో సాహిత్య అకాడెమీ అవార్డు. పేపరు తియ్యగానే అర్థమయ్యే తెలుగు ఈరోజు చదువుతున్నామంటే ఆ దారి వేసినవాళ్ళలో మన ఊరాయన ముందు వరసలో ఉన్నారు.

రేడియో అన్నయ్యగారి కార్డు మా అమ్మ దగ్గర కూర్చుని రాశాను, ఎందుకంటే రేడియోలో పిల్లల ప్రోగ్రాం బాలానందం పేరు ఎత్తితే చాలు ఆవిడ పాటలు మొదలెడుతుంది. న్యాయపతి రాఘవరావుగారు, భార్య కామేశ్వరిగారు రేడియో అక్కయ్య, ఇద్దరూ మద్రాసు రేడియోలో పిల్లలకి ప్రోగ్రాంలు చేసి, బాలానంద సంఘం పెట్టి, 1945లో 'బాల' అని పిల్లల పత్రిక తెచ్చారు. బరంపురంలో పిల్లల కోసం పెట్టే బోర్డు మీద ఆయన లేకపోతే బోర్డే వద్దు.

హోళీ ముందు

పర్లాకిమిడి. ఇక్కడ నేను చాలా సేపు ఆగిపోయాను.

ఆ చుక్క దగ్గర రెండు బల్బులు, మధ్యలో వేలు పట్టేంత చోటు. ఒకటి ఎర్రది, కృష్ణచంద్ర గజపతి మహారాజు, 1892లో అక్కడే పుట్టారు. ప్రత్యేక ఒరిస్సా కోసం రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి వాదించారు, 1937లో ఆ కొత్త ప్రావిన్సుకి మొదటి ప్రధాని, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్ళు. రెండోది పచ్చది, గిడుగు రామమూర్తి పంతులుగారు. పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, అంటే అప్పటి గంజాం జిల్లా, ఇప్పటి శ్రీకాకుళం వైపు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి టీచరుగా చేరి యాభై ఏళ్ళకి పైగా ఆ ఊళ్ళోనే ఉన్నారు. అక్కడి కొండల్లో ఉండే సవర ఆదివాసీల భాష నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసి, మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. వ్యవహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే, ఆయన పుట్టినరోజే మన తెలుగు భాషా దినోత్సవం.

1936లో ఒరిస్సా ఏర్పడేముందు రోజు రాత్రి పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మళ్ళీ పర్లాకిమిడిలో కాపురం పెట్టలేదు. 1940లో పోయారు.

ఒకరు ఏ గీత కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డారో, అదే గీత పడిందని ఇంకొకరు ఊరు వదిలేశారు. ఇద్దరూ ఒకే ఊళ్ళో, ఒకరి బడిలో ఒకరు. ఈ సంగతి కార్డులో రాయాలా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. ఒడియా స్నేహితులు చూస్తే ఏమనుకుంటారో అని బాబాయ్ భయం, రాయకపోతే పంతులుగారు రాజమండ్రి ఎందుకెళ్ళారో పిల్లలకి ఎలా అర్థమవుతుంది అని నా వాదన. మా కమిటీలో ఒడియా ఆయన ఒకరున్నారు, గేట్ బజార్‌లో మందుల షాపు. ఆయన కార్డు రెండుసార్లు చదివి, "రాయండి, మా రాజుగారిది కూడా అంతే వివరంగా రాయండి" అన్నారు. రెండు కార్డులూ ఒకే సైజు, ఒకే పొడుగు. ఇంతకంటే సరైన పద్ధతి నాకు కనపడలేదు.

ఇంకో వైరు కూడా వేశాను, ఇది ముందు ప్లానులో లేదు. తాపీ వారి బటన్ నొక్కితే బరంపురంలో ఎర్ర బల్బుతో పాటు పర్లాకిమిడిలో గిడుగువారి పచ్చ బల్బు కూడా వెలుగుతుంది, గురువుగారు కదా. ఈ ఊళ్ళ మధ్య సంబంధం ఏంటో పిల్లలకి లెక్చరు లేకుండా అర్థమైపోతుంది.

మార్చి చివర

వైరింగ్. తెలిసినవాళ్ళకి తేలిక, తెలీనివాళ్ళ కోసం రాస్తున్నాను.

పాత ఫోన్ చార్జర్ లాంటి అయిదు వోల్టుల అడాప్టర్ చాలు. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు రెండు వోల్టులు తీసుకుంటుంది, మిగతా మూడు వోల్టులు రెసిస్టర్ (కరెంటుని అదుపులో పెట్టే చిన్న ముక్క) మీద పడాలి, 330 ఓమ్స్ పెడితే తొమ్మిది మిల్లీ ఆంప్స్ దాకా వస్తుంది, గోడ బోర్డుకి ఆ వెలుగు బాగా సరిపోతుంది, కళ్ళల్లో గుచ్చుకోదు. ప్రతి బల్బుకి విడిగా రెసిస్టర్ పెట్టండి, అన్నిటికీ కలిపి ఒకటి పెడితే రెండు బల్బులు వెలిగినప్పుడు రెండూ డల్ అయిపోతాయి, మా తాపీ–గిడుగు జంటకి అది కుదరదు. పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. బెజ్జాలు ముందు వైపు నుంచి వెయ్యాలి, వెనక నుంచి వేస్తే ముందు పొర పెచ్చులు లేస్తుంది. వెనక నల్ల వైర్లన్నీ కలిపి ఒక రాగి తీగకి, ఎర్ర వైర్లు ఒక్కో బటన్‌కి, ప్రతి వైరుకి రెండు చివర్లా పేరు రాసిన టేపు.

సోల్డరింగ్ చేసింది ఎక్కువగా ఐటీఐ చదివే ఇద్దరు కుర్రాళ్ళు. లక్ష్మణ్ నాయక్ బల్బు మాత్రం నేనే వేస్తానని అడిగి తీసుకున్నాను. 1899లో కొరాపుట్ వైపు తెంటులిగుమ్మలో పుట్టిన ఆదివాసీ నాయకుడు, 1942 ఉద్యమంలో మత్తిలి పోలీసు స్టేషన్ ముందు జనాన్ని నడిపించారు, ఆ గొడవలో ఒక ఫారెస్టు గార్డు చనిపోతే ఆ నేరం ఈయన మీద పెట్టి 1943 మార్చి 29న ఉరి తీశారు. తీసింది మన బరంపురం జైల్లో. ఈయన బటన్ నొక్కితే తెంటులిగుమ్మ వెలుగుతుంది, తర్వాత బరంపురం గుండ్రంలో జైలు దగ్గర ఒక తెల్ల బల్బు వెలుగుతుంది. తెల్ల బల్బు బోర్డు మొత్తానికి అదొక్కటే.

ఉగాది వారం

ప్రింటింగ్ దగ్గర తలనొప్పి. కార్డులు ఒక షాపులో ఇస్తే ఒత్తులన్నీ విడిపోయి వచ్చాయి, కృష్ణచంద్రలో ష ఒక పక్క, దాని కింద రావాల్సిన ణ ఒత్తు ఇంకో పక్క. వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్ పాతది, యూనికోడ్ తెలుగుని సరిగా కూర్చలేదు, ఒడియా అక్షరాలకీ అదే గతి. పరిష్కారం ఏంటంటే, ఇంట్లో మన కంప్యూటర్లోనే పేజీ కూర్చి, అక్షరాల్ని బొమ్మలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వడం. అప్పుడు ఎవరి మెషీన్లో అయినా అలాగే వస్తుంది. మన వైపు తెలుగు ప్రింట్ చేయించుకునేవాళ్ళందరూ ఇది గుర్తుపెట్టుకోండి.

కార్డు మీద పైన తెలుగు, కింద ఒడియా. రెండూ ఒకే సైజు అక్షరాలు.

ఏప్రిల్

ఇప్పుడు మాటలు. ఏ బటన్ నొక్కారో చూసే ఆర్డుయినో నానో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ఒకటి, రికార్డు చేసిన మాటలు వినిపించే డీఎఫ్ ప్లేయర్ మినీ అనే చిన్న బోర్డు ఒకటి, దాన్లో మెమరీ కార్డు, బయట పాత రేడియో స్పీకరు. నానో నుంచి ప్లేయర్‌కి పోయే డేటా వైరులో వెయ్యి ఓమ్స్ రెసిస్టర్ వేస్తే గుర్రుమనే శబ్దం తగ్గిపోతుంది.

గొంతులు పిల్లలవే. ఒక అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరాలు రావు, తన వాక్యాలన్నీ నోటుబుక్కులో ఒడియా లిపిలో రాసుకుని, అది చూసి ఎక్కడా తడబడకుండా చదివింది. ఆ పిల్లకి ఇచ్చింది రఘునాథ్ పాణిగ్రాహిగారి కార్డు. గుణుపురంలో పుట్టారు, ఒడియా ఆయన, మద్రాసు వెళ్ళి తెలుగు సినిమాల్లో పాడారు, 1956లో ఇలవేలుపులో చందమామ పాట వింటే ఆ తెలుగు ఎంత తేటగా ఉంటుందో. తర్వాత సినిమాలు వదిలి, బరంపురం ఆడపడుచు సంయుక్తగారిని చేసుకుని, ఆవిడ ఒడిస్సీ ఆడితే వెనక గీతగోవిందం పాడుతూ జీవితమంతా గడిపారు. వీళ్ళిద్దరి బల్బులు కూడా కలిపేశాం. అమ్మాయి చదవడం పూర్తయ్యాక వాళ్ళమ్మమ్మ ఆ పాట మొత్తం పాడి వినిపించింది, అది కూడా రికార్డు చేశాను గానీ బోర్డులో పెట్టలేదు, ఇంట్లో దాచుకున్నాం.

పి.వి. నరసింహారావుగారిని పెట్టమని ఒకరు అడిగారు, 1996లో బరంపురం నుంచి లోక్‌సభకి గెలిచారు కదా అని. నిజమే, కానీ పుట్టిందీ ఇక్కడ కాదు, పని చేసిందీ ఇక్కడ కాదు. వద్దన్నాం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారిది మాత్రం పచ్చ బల్బు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. 1931లో గద్దెనెక్కి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు, ఆ రోజుల్లో లక్ష. తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాశారు. విశాఖలో చదువుకున్న మన వైపు ఇంజనీర్లు, సైన్సు లెక్చరర్లు ఆయన పేరు తలుచుకోవాలి.

సవర భాషకి 1936లో సొంత లిపి తయారుచేసిన మాంగే గొమాంగోగారి బల్బు గుణుపురం దగ్గర పచ్చది వేశాం. ఆ కార్డు మీద ఆ లిపిలోనే ఒక వరస అక్షరాలు ఉండాలని నా పట్టుదల, ఫాంటు దొరికింది, ప్రింటు ఇంకా రావాలి.

ఇప్పటికి

బోర్డు నిలబెట్టాం, బల్బులన్నీ వెలుగుతున్నాయి, గొంతుల్లో ఒడియావి సగం మిగిలాయి. ఎడం పక్క మాత్రం చాలా ఖాళీగా ఉంది, రాయగడ ఊరు, నవరంగపూర్, మల్కన్‌గిరి. అక్కడ పేరున్నవాళ్ళు పుట్టలేదని కాదు, బరంపురంలో కూర్చుని మేం వెతికితే బరంపురం పేర్లే ఎక్కువ తగులుతాయి. అందుకని ఆ మూడు చోట్లా ముందే బెజ్జాలు వేసి, వైర్లు లాగి, బటన్లు కూడా బిగించి ఉంచాను.

ఆ వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా పేర్లు పంపండి. కావాల్సింది ఇంతే: మనిషి పేరు, పుట్టిన ఊరు (జిల్లా కాదు, ఊరు), ఏడాది, చేసిన పని, అది ఎక్కడ అచ్చయి ఉందో ఆ పేజీ ఫోటో. పాత పుస్తకం ముందుమాట అయినా సరే, బడి రిజిస్టరు అయినా సరే. సర్పంచులు, నాటకాలు వేసినవాళ్ళు, హరికథలు చెప్పినవాళ్ళు, నేతపనిలో పేరు తెచ్చుకున్నవాళ్ళు, నర్సులు, ఎవరైనా. ఆడవాళ్ళ పేర్లు మా బోర్డు మీద తక్కువున్నాయి, ముందు అవి పంపితే ముందు అవే వేస్తాం. ఎర్ర బల్బులు, పచ్చ బల్బులు రెండూ డబ్బాలో సరిపడా ఉన్నాయి.